నల్లి లేని ఇల్లు

ఇందుమూలముగా మదనపల్లె ఆసుపత్రి వెనకవీధిలో కాపురముండు సమస్త నల్లులకు, బొద్దింకలకు, ఎలుకలకు, పందికొక్కులకు, చెదపురుగులకు తెలియజేయడమేమనగా: మొన్న ఆదివారం ప్రార్థన గంట కొట్టే వేళకు మా అత్తగారు ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. కనుక మీరందరూ నేటినుంచి సందుల్లోంచి, బీటల్లోంచి నిర్భయంగా బయటికి రావచ్చును. వేన్నీళ్ల చెంబు పట్టుకుని మీ వెంటబడే మనిషి ఈ వీధిలో ఇక లేదు.

ఆమె నాకు పిల్లనిచ్చిన అత్త. మామ పోయాక, వీధివైపు గదిని రోగుల తాలూకు వాళ్లకు బాడుగకిచ్చి బతికింది. ఆసుపత్రి చుట్టూ అలాంటి గదులు చాలానే ఉండేవి. వాటిలో పడుకున్నవాళ్లు పొద్దున్నే రోగులకన్నా అధ్వాన్నంగా లేచేవాళ్లు. మా అత్త గది సంగతి వేరు. వార్డులో ఆయాలు కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పే మాట ఒకటే: "వెనకవీధిలో ఆయమ్మ ఇంటికి పోండి, ఆడ నల్లి లేదు." ఆ మాటే ఆమెకు కూడు పెట్టేది.

ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆమె చేసే పనులు చూస్తే నాకు అన్నం సయించేది కాదు. దబ్బనంతో మంచం కీళ్లలో పొడిచి, మొనకు తగిలినదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. యుద్ధం రోజులు. దీపానికే కిరసనాయిలు లేదు, నల్లులకు ఎక్కడ తెచ్చి పోసేది? నీళ్లు తెర్లబెట్టి పోస్తే ఉడికిన నల్లులు తేలి వచ్చేవి. ఆ కంపు ఎలా ఉంటుందంటే, కుళ్లిన కొత్తిమీరను ఎవరో నమిలి మన మొహాన ఉమ్మినట్టు ఉంటుంది. ఎలుక పడితే బోనుతో సహా తొట్టిలో ముంచి, అది లోపల గీరుకుంటుంటే పక్కనే కూర్చుని ఆకుకూర తరిగేది. ఉప్పుజాడీ వెనక దాక్కున్న బొద్దింకను ఉత్త చేత్తో పట్టి నలిపేది. కరుక్కుమనేది. అదే చేత్తో నాకు సంగటి వడ్డించేది. కడుక్కునే వడ్డించేది, అబద్ధమాడకూడదు. నా కడుపు మాత్రం ఆ సంగతి నమ్మేది కాదు.

గోడకు వెంట్రుకంత పగులు కనిపించినా సున్నం కుక్కేది. "బీట ఉండే గోడ గోడ కాదు నాయనా, సత్రం," అనేది. ఇంకో మాట కూడా అనేది: "నల్లి ఉండాదని చెప్పుకునేదానికి సిగ్గుపడొద్దు, ఉంచుకునేదానికి సిగ్గుపడాల."

నేను చింతపండు బేరగాణ్ణి. కాపురం పుంగనూరులో, తిరుగుడు కుప్పం దాకా. చదువు మూడో ఫారంలో ఆగింది గానీ కొంటెతనం ఆగలేదు. ఒకసారి చింతగింజల పొట్టును సన్నగా తుంచి ఆమె మంచం కీళ్లలో చల్లాను. చూస్తే అచ్చం నల్లులే. ఆమె దబ్బనంతో ఒకటి తీసి, వాసన చూసి లోపలికి పోయింది. మధ్యాహ్నం నా సంగటి ముద్ద నడుమ ఏదో నల్లగా కనబడింది. కక్కుకోబోయాను. తలుపు చాటునుంచి అత్త గొంతు వినబడింది. "గింజ పొట్టే నాయనా, తిను. నీ సరుకే." నా భార్య మూడురోజులు నవ్వింది.

ఆ ఇంట్లోకి ఎవరొచ్చినా వాకిట్లోనే మూట విప్పాలి. చాప, దుప్పటి, దిండు ఎండలో పరచాలి. ఆమె ఒక్కొక్క కుట్టూ వేలితో తడిమి చూడాలి. ఒకసారి పాస్టరుగారి దుప్పటిని కూడా విదిలించి చూసింది. ఒక్కడికే మినహాయింపు, అల్లుడికి. అల్లుడి మూట విప్పి వాసన చూసే అత్త మా సీమలో ఇంకా పుట్టలేదు. నేను నేరుగా గదిలోకి పోయి నా మూటను మంచం మీద పడేసేవాణ్ణి.

ఒక చలికాలం కుప్పంలో బేరం తెగక రెండు రోజులు సత్రంలో ఉండాల్సి వచ్చింది. గోడల నిండా వేలితో నలిపిన నెత్తుటి చారలు, వాటి పక్కనే వక్కాకు ఉమ్ములు, ఏది ఏదో తెలియదు. దిండు ఎత్తితే కింద సంత జరుగుతున్నట్టుంది. అక్కడ పరిచిన నా దుప్పటినే మూటగట్టుకుని, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిచే బస్సులో మదనపల్లెకు వచ్చి, అత్త బాడుగ గదిలో వారం రోజులు పడుకున్నాను. దుప్పట్లో ఏమున్నాయో నాకు తెలుసు. విప్పి ఎండబెట్టడానికి బద్ధకం. చెప్పుకోవడానికి సిగ్గు.

నేను పుంగనూరు వెళ్లిపోయాక ఆ గదిలోకి నిమ్మనపల్లెనుంచి ఒకామె దిగింది. కూలి చేసుకునే మనిషి. కూతురికి ఆసుపత్రిలో ఆపరేషను. అత్త ఆమె మూటను రెండుసార్లు చూసిన తర్వాతే లోపలికి రానిచ్చింది.

పదిహేను రోజులకు నేను తిరిగి వచ్చేసరికి మంచం వాకిట్లో తలకిందులుగా పడి ఉంది. నిమ్మనపల్లె ఆమె మెడంతా దద్దుర్లు. మంచం కోళ్ల బొక్కల్లో గుంపులు గుంపులుగా నల్లులు, నెత్తురు తాగి ఉబ్బి, ముగ్గిన రేగుపండ్ల రంగులో. దబ్బనం గుచ్చితే చిట్లి కారుతున్నాయి. ఎదురింటివాళ్లు గోడమీంచి చూస్తున్నారు. సాయంత్రానికి వార్డులో ఆయాలకు తెలుస్తుంది.

"నా ఇంట్లోకి యాడనుంచి వచ్చినాయి?" అని అత్త అడిగింది. నన్ను కాదు, మంచాన్ని.

నన్నెవరూ అనుమానించలేదు. నోరు మూసుకుంటే సరిపోయేది.

"ఇంగ యాడనుంచి అత్తా, ఆ నిమ్మనపల్లె మూటలో వచ్చుంటాయి."

"రెండుతూర్లు సూసినానే."

"నీ కండ్లు మునుపటి మాదిరి ఉండాయా యేంది?"

నవ్వుతూనే అన్నాను. ఆమె నవ్వలేదు. దబ్బనం మొనను కంటి దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టి, మళ్లీ దగ్గరికి తెచ్చుకుని చూసింది. తర్వాత ఆ నిమ్మనపల్లె ఆమెతో మెల్లిగా చెప్పింది. "నువ్వు అరుగుమీద పండుకోమ్మా. గదికి పేరు పోతే నాకు కూడు లేదు."

నిమ్మనపల్లె ఆమె మూట తీసుకుని అరుగుమీదికి వచ్చేసింది. ఆసుపత్రివాళ్లు కూతురిని ఇంటికి పంపేదాకా, మదనపల్లె చలిలో, అరుగుమీదే పడుకుంది. నేను లోపల పడుకున్నాను. నల్లికన్నా రోత పుట్టించే ప్రాణి ఆ వారం ఆ ఇంట్లో ఒకటుండేది, దానిమీద వేన్నీళ్లు పోసేవాళ్లే లేకపోయారు.

అప్పట్నుంచి అత్త ఒక్కతే ఏ మూటా చూడలేదు. పక్కింటామెను పిలిచి, తన కండ్లను నమ్మేదానికి లేదని చెప్పి, ఆమెచేత కూడా చూపించేది. గదికి మంచిపేరు మెల్లగా తిరిగి వచ్చింది. ఆ పక్కింటామెను పిలవడం మాత్రం మానలేదు.

పోయిన నెల అత్త జబ్బుగా ఉన్నప్పుడు మంచం పక్కన కూర్చుని నిజం చెప్పేశాను. ఆనాటి నల్లులు కుప్పం సత్రానివని, నా దుప్పట్లో వచ్చాయని. ఆమె నవ్వింది. "నాకు ఆ పొద్దే తెలుసు నాయనా. అల్లుడివి గదా, యాల అడగాలని ఊరుకుంటి," అని నా తల నిమిరింది.

సమాధి చేసి వచ్చిన రోజు ఇంటినిండా జనం. ఎవరు కబురు చెప్పారో, ఆ నిమ్మనపల్లె ఆమె కూడా వచ్చింది. అరుగుమీదే కూర్చుంది. నా భార్య వెళ్లి లోపలికి రమ్మని చేయి పట్టుకుంది.

"వద్దులేమ్మా, ఈడే బాగుండాది," అనింది. "నా మూటవల్ల ఒకతూరి ఆయమ్మ ఇంటికి చెడ్డపేరొచ్చె. మళ్లా యాల."

ఆ మాటకు జవాబు నా దగ్గర ఉంది. లేచి వెళ్లి కాఫీ తెచ్చి ఇచ్చాను.

మంచం పక్కన కూర్చుని నిజం చెప్పానని పైన రాశానే, అది నేను అల్లింది. నేనేమీ చెప్పలేదు. ఆమె నవ్వలేదు, నా తల నిమరలేదు. అంతా తెలిసే ఆ ఆడమనిషిని చలిలోకి పంపినట్టు రాసి, పోయినామె మీద కూడా నింద వేశాను. ఆమె అలాంటి మనిషి కాదు. తన కండ్లే తనను మోసం చేశాయని నమ్ముతూ పోయింది. అరుగుమీది ఆమె కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, తాను కూర్చున్న చోటును కొంగుతో రెండుసార్లు దులిపి, వెళ్లిపోయింది.