అక్క గెంతిన గెంతుల లెక్క

ఆ వ్యాయామశాలలో ఎక్కి గెంతే చిన్న ట్రాంపోలిన్లు ఇరవై నాలుగు. అక్కడ ఊడ్చి తుడిచే అమ్మాయి, వాటిలో ఏ స్ప్రింగు వదులైందో కీచుమనే చప్పుడు విని చెప్పేసేది కనుక అందరూ ఆమెను స్ప్రింగమ్మ అనేవారు. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది గానీ ఎక్కాలు మాత్రం నాలుక చివర ఉండేవి. అది చూసి, అక్కడ గెంతడం నేర్పే మాస్టారు ఆమెకు ఇంకో పని అంటగట్టాడు. తరగతి అయ్యాక ఒక్కొక్కరి కార్డు మీద ఎన్ని కేలరీలు కరిగాయో రాయాలి. బరువును ఐదుతో హెచ్చించి, గెంతింది అరగంట కనుక అందులో సగం తీసుకోవాలి. అక్కడి తూకం యంత్రం పౌండ్లలో చూపించేది. ఆ అంకెనే హెచ్చించమన్నాడు మాస్టారు. ఆమె అలాగే హెచ్చించింది.

తన అక్కను ఆ తరగతిలో చేర్చింది కూడా స్ప్రింగమ్మే. తల్లి పోయాక చెల్లెల్ని సాకింది అక్కే. లాండ్రీలో పొద్దస్తమానం నిలబడి ఇస్త్రీ చేసి మోకాళ్లు వాచిపోతే, బరువు తగ్గాల్సిందేనన్నాడు డాక్టరు. అక్క ఒక్కరోజు కూడా మానలేదు. రోజూ కార్డు మీద నాలుగు వందల నలభై పడేది. కరిగినదాంట్లో సగం మేరకు అదనంగా తినొచ్చని మాస్టారు ఒక పట్టిక ఇచ్చాడు. అక్క దాని ప్రకారం గిన్నెతో కొలుచుకుని మరీ తినేది.

నాలుగు నెలలయ్యాక తూకం ఎక్కితే మూడు పౌండ్లు పెరిగింది.

"ఏమ్మా, తలుపేసుకుని ఏం లాగిస్తున్నావ్?" అన్నాడు మాస్టారు, అందరూ వినేలా.

"మీరు చెప్పినంతే తింటున్నా మాస్టారూ."

"లెక్క అబద్ధం చెప్పదమ్మా, మనుషులే చెబుతారు. దొంగతిండి తినేవాళ్లకి నేనేం చెయ్యను?"

"పాపం, ఆ స్ప్రింగులని అడగండి!" అంది వెనక వరుసలో ఒక టీచరమ్మ. తరగతిలోని ఇరవై మందీ గొల్లున నవ్వారు. అక్క దిగి, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి అన్నం ముట్టడం మానేసింది. చెల్లెలు బతిమాలితే, "నేను నిజంగానే దొంగనేమోనే. నిద్రలో లేచి తింటున్నానేమో, నువ్వు ఓ కంట కనిపెట్టు" అంది. నాలుగో రోజు ఇస్త్రీ బల్ల దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. పడుతూ పడుతూ ఆసరా కోసం చెయ్యి వేసింది కాలుతున్న పెట్టె మీద. అరచెయ్యి బొబ్బలెక్కిపోయింది.

ఆ వారమే చెల్లెలు మాస్టారి గదిలో బల్ల మీది అద్దం తుడుస్తోంది. అద్దం కింద లెక్క కట్టే పద్ధతి రాసిన కాగితం ఉంది. ఏడాదిగా దాన్ని తుడుస్తోందే గానీ చదవలేదు. ఆ రోజు చదివింది. 'బరువు కిలోల్లో' అని ఉంది. గుడ్డ పక్కన పడేసి పెన్నుతో అరచేతి మీదే లెక్క వేసింది. అక్క చేరినప్పటి నూట డెబ్బై ఆరు పౌండ్లంటే ఎనభై కిలోలు. ఎనభైని ఐదుతో హెచ్చిస్తే నాలుగు వందలు, అందులో సగం రెండు వందలు. అది కూడా సుమారు లెక్కేనని కాగితం అడుగున రాసి ఉంది. నాలుగు నెలల పాటు రోజూ నాలుగు వందల నలభై అని రాసింది మాత్రం తన చెయ్యే. దాన్ని నమ్మి అక్క అదనంగా తిన్నది రోజుకి రెండు వందల ఇరవై, కరిగినదాని కంటే ఎక్కువే. ఆ సంగతి తలకెక్కేసరికి పళ్లు నూరింది.

అప్పుడే చెప్పేయొచ్చు. చెబితే మాస్టారు చడీచప్పుడూ లేకుండా దిద్దేసుకుంటాడు. పదిమందిలో పోయిన పరువు పదిమందిలోనే తిరిగి రావాలి అనుకుని నోరు కట్టేసుకుంది.

ఆదివారం కొత్తవాళ్లకు ప్రదర్శన. పాతవాళ్లూ వచ్చారు. మాస్టారే అరగంట గెంతి, చెమట తుడుచుకుంటూ, "నా బరువు నూట తొంభై ఎనిమిది. ఎంత కరిగిందో బోర్డు మీద రాయి స్ప్రింగమ్మా!" అన్నాడు.

ఆమె 495 అని రాసింది. చప్పట్లు కొట్టారు. దాని కింద 225 అని రాసింది.

"ఇదేంటి?"

"పైది మీరు చెప్పే లెక్క మాస్టారూ. కిందది మీ బల్ల అద్దం కింద ఉన్న లెక్క. అందులో కిలోలని ఉంది. మీరు పౌండ్లు వేయించారు."

మాస్టారు బోర్డుకి అడ్డంగా నిలబడ్డాడు. "సరే, ఆఫీసులో మాట్లాడదాం పద."

"మా అక్కతో ఆఫీసులోనే మాట్లాడారా?"

అంతమందిలో ఆమె అంత పెద్ద మాట అనడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. అయినా ఆమె ఆగలేదు. "రోజుకి నాలుగు తరగతులు గెంతుతారు మీరు. మీ లెక్కే నిజమైతే ఈపాటికి గాలికి ఎగిరిపోవాలి. మరి కిందటేడాది ప్యాంటు ఎందుకు పట్టడం లేదు? మీరూ తలుపేసుకుని లాగిస్తున్నారా?"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. మాస్టారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"పొరపాటైంది. కాగితం సరిగ్గా చూడలేదు" అన్నాడు చివరికి.

"నాకు కాదు చెప్పాల్సింది. రేపు పొద్దున తరగతికి అక్కని తీసుకొస్తా. ఆ రోజు నవ్వినవాళ్లంతా ఉండాలి. లేకపోతే ఈ రెండు అంకెలూ రోజూ వీధి తలుపు మీద రాస్తా. పనిలోంచి తీసేస్తారా, తీసేయండి."

మర్నాడు అక్క రానంది. చెల్లెలు దాదాపు ఈడ్చుకొచ్చినంత పని చేసింది. కట్టుకట్టిన చేతిని కొంగు చాటున దాచుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది అక్క. మాస్టారు నేల చూపులు చూస్తూ, "ఈమె దొంగతిండి తినలేదు. తప్పు నా లెక్కది" అని గొణిగాడు.

"పోనీలెండి మాస్టారూ" అంది అక్క వెంటనే. అలా అంటుంటేనే ఆమె కళ్లు తడిశాయి.

చెల్లెలు మాత్రం కదల్లేదు. "వెనక వరుసకి వినపడలేదు. ఇంకోసారి చెప్పండి" అంది, టీచరమ్మ వంకే చూస్తూ.

మాస్టారు ఇంకోసారి చెప్పాడు, గట్టిగా. టీచరమ్మ తల దించుకుంది.

"చాల్లేవే, పద" అంటూ అక్కే చెల్లెలి భుజం పట్టి బయటికి లాక్కొచ్చింది. వీధిలోకి వచ్చాక అడిగింది. "ఇంకా నీ కడుపుమంట చల్లారలేదా?"

"నీ చెయ్యి మానాక చూద్దాం" అంది చెల్లెలు. "ముందు నువ్వు అన్నం తిను."