రెండు డెలివరీలు, ఒక రేగడి డొంక

ఇవాళ మంగళవారం. గురువారం మా మనవరాలు సునీతకు కొత్త కారు డెలివరీ. "రివ్యూలన్నీ చూశానమ్మమ్మా, చానా నమ్మకమైన బండంట" అంటోంది. ఎవరి రోడ్డు మీద నడిపి చూశారే అంటే ఫోను తీసి చూపిస్తోంది. నాకు నిన్నటి నుంచి కాలు నిలవడం లేదు... అందుకే ఇది రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... మాచవరం దగ్గర మా ఊరి నుంచి కంకర రోడ్డు ఎక్కాలంటే నల్లరేగడి డొంక దాటాలి. బండ్లు నడిచే బాట అది. ఎండలో రాయి, వానలో బంక. మా మరియమ్మక్కకు తొలి కాన్పు నొప్పులు వానలోనే మొదలయ్యాయి. ఎడ్లబండిలో నరసరావుపేట ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమైపోయింది. అక్క దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అక్క మళ్లీ నెల తప్పింది. నాన్న పత్తి వ్యాపారం చేసేవాడు. అన్నం ముందు కూర్చుని, "కారు కొంటున్నా" అన్నాడు. ఎందుకో అందరికీ తెలుసు...

గుంటూరు నుంచి ఏజెంటు వచ్చాడు. తెల్ల ప్యాంటు, చేతిలో కారు బొమ్మల కాగితాలు. "డెలివరీ నెలాఖరుకు ఇచ్చేస్తామండీ" అన్నాడు. డెలివరీ అనే మాట అమ్మ అంతకుముందు విన్నది ఆస్పత్రిలో నర్సమ్మల నోటే. తలుపు చాటు నుంచి గట్టిగా అనేసింది: "నెలాఖరుకెట్టా ఇస్తావయ్యా? పిల్లకింకా ఆరో నెలేగా! అయినా ఇచ్చేది దేవుడు గానీ నువ్వా?"

ఇల్లంతా నవ్వింది. అక్క కూడా నవ్వింది. బిడ్డ పోయాక అక్క నవ్వు వినడం నాకదే మొదలు.

తాతయ్య మాత్రం నవ్వలేదు. "రేగడి దాటుద్దా?" అన్నాడు.

"కొత్త బండండీ. ఇంజను చానా గట్టిది. గ్యారంటీ!"

"కాడి కట్టి చూడకుండా ఎద్దునే తోలుకురాం. వాన పడినాక డొంకలో నడిపి చూపించు. అప్పుడు తీసుకుంటాం."

"వానెప్పుడు పడుద్దో నాకేం తెలుసండీ?"

"నాకు తెలుసా ఏంది?"

నాన్నకు ఒళ్లు మండిపోయింది. "కార్లే దొరకటం లేదు నాన్నా! ఇంకెవరికో ఇచ్చేస్తాడు."

"ఇచ్చుకోనీరా. రేపు డొంకలో దిగబడితే ఆ కాగితాలు లాగుతయ్యా?"

అప్పటి నుంచి మొదలైంది... ఎదురుచూపు. ఏజెంటు సరేనన్నాడు; కారు పేటలో, అంటే నరసరావుపేటలో, అతని దగ్గర. అక్క ఇంట్లో, నెలలు నిండుతూ. మబ్బు పడితే నాన్న అరుగు మీద నుంచి లేచేవాడు, మబ్బు చెదిరితే మళ్లీ కూలబడేవాడు. కారును నడిపి చూడాలంటే వాన రావాలి. అక్కకు నొప్పులొచ్చే వేళకు వాన రాకూడదు. అమ్మ జపమాల పట్టుకుని వాన వద్దని ప్రార్థించేది. నేనేం అడగాలో తెలియక, "కొంచెం వాన, ముందుగా" అని అడిగాను.

చివరికి పడింది. కబురందుకుని మర్నాడు పొద్దున ఏజెంటు, అతని డ్రైవరు మస్తాన్ మామ కారుతో కంకర రోడ్డు మీద నిలబడ్డారు. ఊరు ఊరంతా డొంక గట్టున చేరింది. కారు డొంకలోకి దిగింది... నాలుగు గజాలు పోయిందో లేదో, రేగడి చక్రాలకు చుట్టుకుని పైన మడ్‌గార్డు రేకుల దాకా నిండిపోయింది. ఇంజను అరుస్తోంది, బండి కదలదు. ఏజెంటు దిగి తొయ్యబోయి మోకాలి దాకా కూరుకుపోయాడు.

పక్కింటి రాయపమ్మత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏందయ్యా, మీ గ్యారంటీ కూడా దిగబడిందే!"

తాతయ్య ఎద్దులు కట్టించి కారును రోడ్డు మీదకు లాగించాడు. నాన్న ముఖం చూడలేకపోయాం. బేరం పోయిందనుకున్నాం. తాతయ్య మస్తాన్ మామ పక్కన ఎక్కి, రోడ్డు మీద పక్క ఊరి దాకా పోయి వచ్చాడు. దిగి, "తీసుకుంటున్నాం" అన్నాడు.

"బురదలో నడవదుగా నాన్నా?"

"ఎక్కడ నడవదో తెలిసిందిగా. ఇంక దీన్ని ఊళ్లోకి తేవద్దు. డొంక ఎద్దులది, రోడ్డు దీనిది."

"ఇంటికి రాని కారేంది, మన ఖర్మ!" అని అమ్మ గొణిగింది. అయినా రోడ్డు పక్కన కారుకు పాక వేశారు. మస్తాన్ మామ మా డ్రైవరుగా అక్కడే ఉండిపోయాడు. ఎప్పుడు అవసరమొస్తుందోనని ఎద్దులను దూరం తోలడం తాతయ్య మానేశాడు.

అక్కకు నొప్పులు వచ్చాయి... కుండపోత వానలోనే. ఎడ్లబండి డొంక దాటించింది. కారు పేట చేర్చింది. దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. ఏజెంటు మళ్లీ వచ్చినప్పుడు అమ్మ తలుపు చాటు వదిలి బయటికొచ్చి చెప్పింది. "మీ డెలివరీ ఆలస్యమైనా, మా డెలివరీ వేళకే అయిందయ్యా!"

ఆ పిల్ల ఇప్పుడు పేటలో ముత్తవ్వ. ఫోను చేస్తే నా మీదే కేకలేస్తుంది.

ఆ డొంక ఇప్పుడు తారు రోడ్డు. ఊళ్లో ఎద్దులు లేవు. బండి ఆగితే ఫోనులో ఎవరో తెలియని గొంతు, లైనులో ఉండమంటుంది... అందుకని గురువారం లోపల జరగాల్సినవి:

1. సునీత ఆ కారునే ఒకసారి మా వీధి గుంటల్లో నడిపించి చూడాలి. షోరూమ్ ముందు నున్నటి రోడ్డు మీద కాదు.
2. ఎంత నీళ్లలో దిగకూడదో షోరూమ్ వాళ్లు నోటితో చెప్పాలి. "ఏం కాదు మేడం" అంటే సంతకం పెట్టకూడదు.
3. దారిలో ఆగితే వచ్చే మనిషి పేరు కనుక్కోవాలి. కంపెనీ పేరు కాదు, మనిషి పేరు.
4. ఇది చదివినవాళ్లు, మీ ఇంటి మొదటి బండి మొదటిసారి ఎక్కడ ఆగిందో, లాగడానికి ఎవరొచ్చారో కింద రాయాలి. గురువారం దాకా నాకెలాగూ నిద్ర పట్టదు... చదువుతూ ఉంటాను.