తగు చర్య నిమిత్తం

మా ఎదురింటి పిన్ని సోమవారం మధ్యాహ్నం పోయింది. ఊపిరితిత్తులు చెడిపోయాయన్నారు. వారం రోజులు ఆసుపత్రిలో అవస్థ పడింది. మాకు చుట్టరికమేమీ లేదు. బందరుకి బదిలీ మీద వచ్చిన రోజే "అమ్మాయ్, నీళ్ళు పట్టుకున్నావా?" అని పలకరించింది. అప్పటినుంచీ పిన్నే.

ఊరి బయట రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే ఆడవాళ్ళకి ఆవిడ సూపర్‌వైజరు. డ్యూటీ దిగి వచ్చాక నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని గానీ మా గడప తొక్కేది కాదు. వారానికోసారైనా గిన్నెడు చుక్కకూర పప్పు తెచ్చేది.

అక్కడ ఐసు గదుల అమ్మోనియా గ్యాసు లీకైతే మోగాల్సిన అలారానికి వైరు పీకేశారు. మోగినప్పుడల్లా పని ఆగుతోందట! లోపల ఆడపిల్లలు కళ్ళు మండి, దగ్గి దగ్గి సొమ్మసిల్లుతున్నారు. మేనేజరుకి రెండుసార్లు చెప్పి చూసి, పిన్ని అర్జీ రాసింది. నేను పనిచేసే కలెక్టరాఫీసులో ఇచ్చేముందు నాకు చూపించింది. పేరు పెట్టకు పిన్నీ అన్నాను.

"పేరు లేని అర్జీ మీరే బుట్టలో పడేస్తారుగా? ఇది కూడా చెప్పకపోతే మన ముక్కు కూడా కంపెనీదే అయిపోద్దే," అంది.

నిజమే, పడేస్తాం.

ఆ అర్జీ నా సీటుకే వచ్చింది. ఎప్పుడూ చేసినట్టే చేశాను. "తగు చర్య నిమిత్తం" అని పైన రాసి, ఎవరి మీద ఫిర్యాదో ఆ కంపెనీకే నకలు పంపాను, పిన్ని పేరుతో సహా. మా ఆఫీసులో అందరం అలాగే పంపుతాం. నా బుద్ధి గడ్డి తిందనాలి. మూడోరోజు పిన్నిని గేటు దగ్గరే ఆపేశారు.

గుడివాడలో ఒక లాయరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. "తప్పులు బయటపెట్టేవాళ్ళకి రక్షణంటూ చట్టం చేశారు గానీ, అమల్లోకి తేలేదండీ. తెచ్చినా అది ప్రభుత్వంలో జరిగే తప్పులకి. ప్రైవేటు కంపెనీలో కాంట్రాక్టు మనిషికి ఎవరు అడ్డొస్తారు? అర్జీ పెట్టినందుకే తీసేశారని ఈవిడే రుజువు చెయ్యాలి," అన్నారాయన. ఆ తర్వాత ఏ ఫ్యాక్టరీ ఆవిణ్ణి రానివ్వలేదు. అవనిగడ్డ వైపు కూడా వెళ్ళి అడిగింది. "కంప్లైంట్ల మనిషి" అన్న మాట ఆవిడకంటే ముందు బస్సెక్కేది.

చివరి వారంలో, ఇక దాచలేక, ఆ కాగితం పంపింది నేనేనని ఆసుపత్రిలో చెప్పేశాను.

"తెలుసు. మేనేజరు నా మొహాన కొట్టిన కాగితం మీద నీ చేతిరాతేగా."

"మరి ఇన్నాళ్ళూ నాకు కూర ఎలా తెచ్చావు పిన్నీ?"

"కోపం రాలేదనుకున్నావా? వచ్చింది. కోపం కోపమే, కూర కూరే."

నాకు ఏడుపాగలేదు. ఆవిడ మాత్రం దగ్గు ఆగాక, అలారం బాగు చేశారేమో కనుక్కోమంది. కనుక్కున్నాను. చెయ్యలేదు.

పిన్నిని మట్టిచేసి సమాధుల దగ్గర్నుంచి వస్తుంటే ఫ్యాక్టరీ ఆడవాళ్ళు నా చుట్టూ చేరారు. ఒకామె కొంగులోంచి మడిచిన కాగితం తీసింది. అదే అర్జీ. ఈసారి కింద పదకొండు పేర్లున్నాయి.

"మీ సీటుకే వస్తదంట కదా మేడమ్. మా పేర్లు వాళ్ళకి తెలియకుండా ఏదైనా రూలుందాండీ?"

నాకు తెలిసిన రూలల్లా "తగు చర్య నిమిత్తం" అని రాసి పంపడమే. ఆమె కాగితం చాపి అలాగే నిలబడింది. ఐసు నీళ్ళలో నాని నాని ఆ వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.