మూడు కడ్డీలు

ఊరి శివారు బస్తీ బాగ్‌బేరా నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చే పైడితల్లి గోళ్ల సందుల్లో నలుపు ఎంత తోమినా పోదు. ఏడేళ్లుగా ఆమె ప్రభుత్వ ప్రాజెక్టు కింద ఒక ప్రయోగశాలలో, కంటికి ఆననంత సన్నని కార్బన్ గొట్టాల పొడిని అల్యూమినియంలో కలుపుతోంది. సమంగా కలిస్తే ఆ లోహానికి ఎక్కడలేని బలం వస్తుంది. ఉండకట్టిందా, అక్కడే విరుగుతుంది. తూచేటప్పుడు పొడి ఎగిరిపోతుందని ఆమె ఊపిరి బిగబడుతుంది. లోహంలో వేసేముందు ఆ పొడిని ద్రవంలో కలిపిన సీసాను వెలుగుకు పట్టి, అడుగున ఉండలు దిగాయేమోనని పదేపదే చూస్తుంది.

మార్చి నెలాఖరుకి ప్రాజెక్టు ముగియబోతోంది. పొడిగించాలంటే రెండ్రోజుల్లో కమిటీకి ఫలితం చూపాలి. ఆ మిశ్రమంతో చేసిన చివరి మూడు కడ్డీలను ఆ మధ్యాహ్నం యంత్రంలో బిగించి లాగారు. మొదటిది ఉత్త అల్యూమినియంకన్నా ముందే తెగింది. రెండోదీ అంతే. మూడోది మాత్రం ఎవరూ ఊహించనంత లాగుడుకు తట్టుకుంది.

"ఈ ఒక్కటే రాయమ్మా. మిగతావి బిగింపులో జారిపోయాయందాం," అన్నాడు ప్రాజెక్టు నడిపే గౌరీశంకర్, ఆమె ముఖం చూడకుండా. "లేపోతే మనిద్దరికీ ఇక్కడ పనుండదు."

పైడితల్లి పెన్ను తీసింది. "జారనేదు సార్. నేను కలపడంలోనే ఏదో తేడా ఉంది. అదేటో ఇంకా తెల్నేదు," అని మూడు అంకెలూ రాసి సంతకం పెట్టింది.

బయటికి రాగానే, రైల్వేలో రిటైరైన తండ్రి సన్యాసిరావు ఫోన్ చేశాడు. "ఏటమ్మా, నీ కడ్డీ నిలబడిందా?"

"ఒకటి నిలబడింది నాన్నా," అంది. ఆయన సంబరంగా ఆ మాట ఇంట్లో అందరికీ చెబుతుంటే, ఆపలేక, ఫోన్ చెవికి ఆనించుకుని వింటూ ఉండిపోయింది.