అక్క పొగమంచు, బావ పొగమంచు

మా బావ కళ్ళద్దాలకు గాజు అరగదీస్తాడు. షాపు ముందు గదిలో నిలబడి ఫ్రేములు చూపించే మనిషి కాదు. వెనక గదిలో మిషను ముందు కూర్చుని, తెల్లటి నీళ్ళు కారుతుండగా గాజుబిళ్ళను చక్రానికి ఆనించి పట్టుకునే మనిషి. ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ. దాని అద్దం మీద ఏళ్ళ తరబడి గాజుపొడి పేరుకుపోయి, బయటి వీధి పాలలో ముంచి తీసినట్టు ఉంటుంది. బావ దాన్ని తుడవడు, ఎవరినీ తుడవనివ్వడు. మధ్యాహ్నం ఎండ అందులోంచి మెత్తబడి వచ్చి ఆయన చేతుల మీద పడుతుంది. అప్పుడు సగం అరిగిన బిళ్ళను కంటి దగ్గర పెట్టుకుని ఆ కిటికీలోకి చూస్తూ ఉండిపోతాడు. సైకిళ్ళూ గొడుగులూ బడి నుంచి వచ్చే పిల్లలూ అంచులు కరిగిపోయి, నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు వెళ్తుంటారట. "పూర్తిగా అరిగాక అన్నీ తేటగా కనిపిస్తాయి. అప్పుడింక చూడబుద్ధి కాదు" అన్నాడు నాతో ఒకసారి. కళ్ళద్దాల మీద బతికే మనిషి అనాల్సిన మాటేనా అది?

మా అక్క సిటీ బస్సు నడుపుతుంది. రోడ్డు తేటగా కనబడకపోతే ఆవిడకు ఒళ్ళు మండుతుంది. తెల్లవారుజామున డిపోలో బస్సు ఎక్కగానే ముందు అద్దాన్ని తళతళలాడేలా తుడుచుకున్నాకే స్టీరింగు పట్టుకుంటుంది. ఈ ఇద్దరికీ ముడిపడింది ఒక ఆట దగ్గర. స్టేషనరీ షాపు మేడ మీద పొడుగాటి గది ఉంది. అక్కడ కొందరు చేరి 'ఏడు తీరాలు' అనే కార్డుల ఆట ఆడుతుంటారు. అక్క, బావ అక్కడే ఒకరినొకరు చూసుకున్నారు, అక్కడే ఒకరి మీద ఒకరు గెలిచారు, అక్కడే పెళ్ళి మాటా అనుకున్నారు.

ఈ ఆట ఎరగనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. పేకాటలా అందరికీ ఒకే కట్ట ఉండదు. ఎవరి కట్ట వాళ్ళే తెచ్చుకోవాలి. షాపులో దొరికే వందలాది బొమ్మల కార్డుల్లోంచి నచ్చినవి ఏరుకుని కూర్చుకున్న ఆ కట్టను డెక్ అంటారు. బల్లను సముద్రం అనుకోవాలి. తన పడవలను ముందుగా అవతలి ఒడ్డుకు చేర్చినవాళ్ళు గెలిచినట్టు. అవతలివాళ్ళ కావలివాళ్ళు మాత్రం ఊరుకోరు, కంటపడ్డ పడవనల్లా ముంచేస్తారు. పడవను వాళ్ళ కంటపడకుండా దాచడానికి పొగమంచు కార్డులు ఉంటాయి. ఆ పొగమంచు మీద ఎవరైనా గాలి కార్డు వేస్తే అంతా విడిపోయి, దాచిందంతా బయటపడుతుంది.

మావాళ్ళిద్దరివీ పొగమంచు డెక్‌లే. పక్కపక్కన పరిచి చూస్తే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. తేడా అంతా ఓ ఐదారు కార్డుల్లో ఉంది. ఆ ఐదారు కార్డుల గురించే మా ఇంట్లో ఇన్నేళ్ళుగా వాదన.

బావ పొగమంచును పొరలు పొరలుగా పేరుస్తాడు. పడవలన్నిటినీ తన ఒడ్డునే కట్టేసి ఉంచుతాడు. ఎదుటివాళ్ళు నవ్వినా, కావలివాళ్ళను పెంచుకుంటూ పోయినా ఉలకడు, పలకడు. బల్లంతా తెల్లబడిపోయాక దీపస్తంభం ఆరిపోయే కార్డు వేసి, ఒక్క ఊపులో పడవలన్నిటినీ అవతలికి దాటించేస్తాడు. అక్క డెక్‌లో ఆ దీపస్తంభం లేదు. దాని బదులు తెడ్లు ఉన్నాయి. చిన్న మంచుతునక ఒకటి వేస్తుంది, అది విడిపోయేలోపు ఒక పడవను తోసేస్తుంది. మళ్ళీ ఇంకో తునక, ఇంకో పడవ. మునిగింది మునగగా మిగిలింది వెళ్తూనే ఉంటుంది.

రెండింట్లో ఏది మంచిదో నన్నే అడగాలి. ఎందుకంటే వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఆడరు. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఎదురెదురుగా కూర్చుని ఆడారు. దాని తరవాత వారం రోజులు, ఉప్పు అందుకోవాలన్నా మధ్యలో నాచేత అడిగించారు. అప్పటి నుంచి అదొక కట్టుబాటు. నెలనెలా మేడ మీద జరిగే పోటీకి ఒక నెల ఆయన వెళ్తే, మరుసటి నెల ఆవిడ వెళ్తుంది. మరి డెక్‌లను పోల్చి చూడటం ఎలా? వాళ్ళుండే ఇంట్లోనే కింద గదిలో బట్టలు కుట్టుకుంటూ నేనున్నానుగా. అక్క డెక్ నా చేతికిచ్చి బావ నాతో ఆడతాడు. బావ డెక్ నా చేతికిచ్చి అక్క ఆడుతుంది. నేను కుట్టాల్సిన జాకెట్లు మిషను మీద అలాగే ఉంటాయి.

అలా ఆడీ ఆడీ నాకు తేలిందేమిటంటే, ఎదుటివాళ్ళ దగ్గర కావలివాళ్ళు ఎక్కువుంటే బావ డెక్ మేలు. ఒక్కో పడవనే ఏరి ముంచేవాళ్ళకు అన్నీ ఒకేసారి మీదపడితే చేతులాడవు. అదే ఎదుటివాళ్ళ దగ్గర గాలి ఉంటే అక్క డెక్ మేలు. గాలి వీస్తే ఆవిడకు పోయేది ఒక్క పడవే. బావకు అంతవరకూ పేర్చిందంతా పోతుంది. "ఇంతే కదా, దీనికింత రాద్ధాంతం దేనికి" అంటే, అంతవరకూ ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్ళు ఒక్కటై నా మీద పడేవారు.

నిజం చెప్పొద్దూ, బావ డెక్ చేతిలో ఉంటే ఒక మత్తు కమ్ముతుంది. బల్ల మీద బూడిదరంగు, దాని మీద లేతనీలం, దాని మీద తెలుపు. ఆ బొమ్మల్లో మనుషులు ఉండరు. నీళ్ళూ మంచూ, ఎక్కడో సగం కనబడే తాడూ, అంతే. పొర మీద పొర పడుతుంటే వీధిలో హారన్లు దూరమైపోతాయి, నా కుట్టుమిషను కూడా ఎవరింట్లోదో అనిపిస్తుంది. గెలవాలనే ఊసు మరిచిపోయి, ఇంకాసేపు అలాగే ఉండనిస్తే బాగుండుననిపిస్తుంది. అక్క డెక్‌తో అలాంటి భోగం కుదరదు. చేతులకు ఎప్పుడూ పని ఉంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. బావకు ఈ లోకంలో ఉన్న కోరిక ఒక్కటే, ఆ కళ్ళద్దాల షాపు తనది కావాలని. షాపు యజమానిని అందరం పెద్దాయన అంటాం. ఆయనకు మోకాళ్ళు పట్టేశాయి, వారసులు లేరు. నా తరవాత దీన్ని ఎవరు చూస్తారో అని రోజుకోసారి గొణుక్కునేవాడు. షాపు తీసుకోవడానికి కావలసింది అక్క, బావ కూడబెట్టుకుని ఉంచుకున్నారు కూడా. నోరు తెరిచి అడగడమే తరువాయి. ఆ ఒక్క మాట దగ్గర బావ నీళ్ళు నమిలేవాడు.

పొద్దున్నే డిపోకు బయల్దేరుతూ అక్క మెట్ల మీద నుంచి అనేది, "ఇవాళ అడగండి."

"ఆయనే అంటాడు."

"ఆయన అనకపోతే?"

"అనక ఎక్కడికి పోతాడు? సమయం రావాలి కదా."

కింద గదిలో పడుకున్న నాకు ప్రతిరోజూ చెవిన పడే మొదటి మాట "ఇవాళ అడగండి". దాంతోనే నాకు తెల్లవారేది. బావ మీనమేషాలు లెక్కపెడుతూ ఉండగానే రెండు వేసవులు గడిచిపోయాయి.

ఏడాది చివర మేడ మీద పెద్ద పోటీ పెడతారు. నెలనెలా గెలిచినవాళ్ళంతా దానికి రావాలి. ఆ ఏడు అక్కా గెలిచింది, బావా గెలిచాడు కనక ఇద్దరూ వెళ్ళక తప్పలేదు. ఒకరికొకరు ఎదురుపడం అనే ధీమాతో ఒకే స్కూటరు మీద వెళ్ళారు, వెనక నడిచి నేనూ వెళ్ళాను. కావలివాళ్ళను నమ్ముకున్నవాళ్ళు బావ చేతిలో ఓడారు. గాలిని నమ్ముకున్నవాళ్ళు అక్క చేతిలో ఓడారు. సాయంత్రానికి ఆఖరి ఆటకు మిగిలింది ఈ మొగుడూ పెళ్ళాలే. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. వీళ్ళిద్దరి మొహాలు మాత్రం పాలిపోయాయి.

ఆటకు ముందు మెట్ల మలుపులో నిలబడి టీ తాగుతున్నాం. అక్క ఉన్నట్టుండి అంది, "నేను గెలిస్తే రేపు పెద్దాయన్ని అడుగుతారు."

"నేను గెలిస్తే?"

"ఇంక ఆ ఊసు ఎత్తను. మీ ఇష్టం వచ్చినంత కాలం ఆగండి."

బావ గ్లాసులోకి చూస్తూ సరేనన్నాడు.  వాదన పెట్టుకుంటే పెట్టుకున్నారు గాని, బతుకును తీసుకెళ్ళి బల్ల మీద పెట్టడమేమిటి?

ఆట మొదలయ్యే ముందు, పక్కన విడిగా ఉంచుకున్న కొద్దిపాటి కార్డుల్లోంచి ఒకటో రెండో డెక్‌లోకి మార్చుకోవచ్చని నియమం. అక్క విడి కార్డుల్లో గాలి ఉందని నాకు తెలుసు. బావ లోపలికి వెళ్ళగానే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "గాలి పెట్టుకో అక్కా. ఒక్కసారి పడితే చాలు, ఆయన పని అయిపోతుంది."

"నా మంచు కూడా పోతుంది కదే."

"నీకు పోయేది ఒక్క పడవే కదా."

 అక్క మెల్లిగా అంది, "అంతసేపు కూర్చుని ఆయన పేర్చుకున్నదాన్ని నేనెలా ఊదెయ్యనే?"

నాకు తిక్కరేగింది. తాడోపేడో తేల్చుకుందామని తనే పందెం కట్టి, తీరా వేళకు ఈ ముద్దుమురిపాలేమిటి? ఆ కోపం నాకు ఈ రోజుకీ పోలేదు. ఆవిడను ముద్దు పెట్టుకోవాలని కూడా అదే క్షణంలో అనిపించింది, అది వేరే సంగతి.

ఆ ఆట లాంటిది నేను మళ్ళీ చూడలేదు. ఇద్దరూ మంచే వేస్తుంటే బల్ల మీద ఎవరి మంచు ఎక్కడ ఆగుతుందో, ఎవరిది ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. చుట్టూ నిలబడ్డవాళ్ళు ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకున్నారు. కిటికీలో వెలుగు తగ్గుతుంటే ఎవరికీ లైటు వెయ్యాలని తోచలేదు. అక్క పడవలు ఒకటొకటిగా ఆ తెలుపులోకి వెళ్ళి కనబడకుండా పోతున్నాయి. వాళ్ళిద్దరి చేతులూ కార్డుల మీద అటూ ఇటూ కదలడం తప్ప గదిలో అలికిడి లేదు. చాలా ఏళ్ళ తరవాత ఎదురెదురుగా కూర్చున్నారు కదా, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేసి కార్డుల్లోకే చూస్తున్నారు. కాని ఇద్దరి పెదాల మీదా ఒకే సన్నటి నవ్వు ఉంది. ఆ సాయంత్రం అలాగే ఆగిపోతే బాగుండునని నాకూ అనిపించింది. అక్కకు ఇంకొక్క పడవ దాటితే చాలు. అప్పుడు బావ దీపస్తంభాన్ని ఆర్పేశాడు. ఆయన పడవలన్నీ ఒకేసారి కదిలాయి.

బావ గెలిచాడు. అక్క లేచి, ఆయన కాలరు సరిచేసి, "బాగా ఆడారు" అంది.

మర్నాడు పొద్దున్న నాకు తెల్లవారినట్టే అనిపించలేదు. మెట్ల మీద అక్క చెప్పుల చప్పుడు వినబడింది, గేటు చప్పుడు వినబడింది, మాట మాత్రం లేదు. మాటంటే మాటే మా అక్కకు. ఆ తరవాత ఏ రోజూ ఆ ఊసెత్తలేదు.

బావ మాత్రం గాలిలో తేలిపోతున్నాడు. "చూశావా మరదలా, ఓపిక పట్టడమే మంచిదని తేలిపోయింది" అన్నాడు.

"ఏమీ తేలలేదు బావా. మీ డెక్ భయపడేది గాలికొక్కదానికే. అక్క దగ్గర గాలి లేదు. మంచు మీద మంచు గెలిస్తే దానికి అర్థమేముంది?"

"గెలుపు గెలుపే కదా" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. అక్క గాలి ఎందుకు పెట్టుకోలేదో చెబుదామనుకున్నాను. అది ఆవిడ చెప్పుకోవాల్సిన మాట, నాది కాదని ఊరుకున్నాను.

చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం బావ ఇంటికి వచ్చేశాడు. ఆయన వచ్చే వేళ కాదది. చేతులకు ఇంకా తెల్లటి పొడి అంటుకునే ఉంది. నా గదిలో, కత్తిరించిన గుడ్డముక్కల పక్కన చాప మీద కూర్చున్నాడు. అడగ్గా అడగ్గా చెప్పాడు. షాపు పక్కనే మందుల షాపు ఉంది. దాని ఓనరు ముందురోజు వచ్చి, మధ్య గోడ తీయించి రెండూ కలిపేసుకుంటానని పెద్దాయన్ని అడిగాడట. పెద్దాయన మాట ఇచ్చేశాడట.

"నా గురించి ఆలోచించలేదా అన్నాను. 'నీకే ఇద్దామని ఎన్నాళ్ళో చూశానయ్యా. నువ్వు ఒక్కనాడూ అడగలేదు. వెనక గదిలోనే నీకు హాయి అనుకున్నాను' అన్నాడు."

  మంచినీళ్ళు ఇచ్చాను. తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రం అక్క డ్యూటీ దిగి వచ్చింది. గుమ్మంలోనే ఆయన మొహం చూసి, ఖాకీ చొక్కా కూడా మార్చుకోకుండా ఎదురుగా చాప మీద కూర్చుంది. బావ మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు. నేను చెప్పానా లేదా అని దెప్పుతుందేమోనని నేను కాచుకుని ఉన్నాను. ఆవిడ దెప్పలేదు.

"ఆ మందుల షాపతనికి గాజు మిషను అక్కర్లేదట. పెద్దాయన నాకిస్తానంటాడేమో చూడాలి" అన్నాడు బావ. మళ్ళీ ఎవరితోనో అన్నట్టు అన్నాడు, "ఆటలో అయితే 'నీ వంతు' అని ఎదుటివాళ్ళు అంటారు. ఇక్కడ ఆ మాట ఎవరూ అనలేదు."

అక్క ఆయన చేతిలోంచి గ్లాసు తీసి కింద పెట్టింది.

"నేను రోజూ అన్నాను. మీరు గెలిచారని మానేశాను."

 బావ లేచి, చెప్పులు వేసుకుని, పెద్దాయన్ని మిషను సంగతి అడగడానికి వెళ్ళాడు.