రెండు అద్దాల మధ్య ఆవిరి

నంద్యాలలో బస్సు ఎక్కింది మొదలు స్పీకర్ పెట్టి ఫోన్‌లో అరుస్తూనే ఉన్నాను. అవతల ఉన్నది మా ఇంటికి కిటికీలు బిగించినవాడు. హైవే మోత వినపడకూడదని ఒక్కో కిటికీకి రెండేసి అద్దాలు వేయించుకుంటే, మూడో వానాకాలానికే ఆ రెండింటి మధ్య ఆవిరి పట్టింది. లోపల పట్టినదాన్ని ఏ గుడ్డతో తుడవాలి? దొంగవన్నాను, మోసగాడివన్నాను. వాడేదో అడగబోయిన ప్రతిసారీ గొంతు ఇంకా పెంచాను. చివరికి ఫోన్ పెట్టేశాను.

పక్క సీట్లో ఒక పెద్దాయన. కనుబొమల నిండా రాతిపొడి. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడట.

"ఆయప్ప ఏందో బెజ్జాలని మూడుసార్లు అడిగె. ఏం బెజ్జాలప్పా అవి?" అన్నాడు.

"కిటికీ చట్రానికి కింద ఉంటాయి. వాననీళ్లు బయటికి పోయేదానికి," అన్నాను విసుగ్గా.

"పోతాండాయా?"

"యాడ పోతాయి? లారీల దుమ్ము వస్తాండాదని నేనే సిమెంటు పెట్టి మూసేస్తి."

అనేశాక గానీ నాకు తట్టలేదు. చట్రంలో నిలిచిపోయిన నీళ్లే అద్దాల అంచున ఉన్న బంకను నానబెట్టి ఊడదీశాయి.

ఆయన నవ్వలేదు. "ఆయప్ప అడిగిందీ అదే. నువ్వు మాట్లాడనిస్తే గదా," అని అటు తిరిగి కూర్చున్నాడు. ఆళ్లగడ్డ రాగానే దిగిపోయాడు.

అసలు ఆయన్ను ఎవరు అడగమన్నారు? ఆ ఆవిరి చూసినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఫోన్ చేసి తిట్టడానికే ఎవరూ మిగల్లేదు.