ఫ్రెంచి పరీక్షలో మా అవ్వ

ఇప్పుడు మా పెనుకొండ వైపు కార్ల ఫ్యాక్టరీ పుణ్యమా అని హోటలు బోర్డుల మీద కూడా కొరియా అక్షరాలు కనబడుతున్నాయి. ఇంటర్ తప్పిన పిల్లలు సైతం కొరియా భాషలో నమస్కారం పెట్టేస్తున్నారు. ఆ ఫ్యాక్టరీ రాకముందు రోజుల్లో మాకంత ముందుచూపు లేక ఫ్రెంచి నేర్చుకున్నాం. బెంగళూరులో ఫోన్లో ఫ్రెంచి మాట్లాడేవాళ్లకు తొందరగా ఉద్యోగం దొరుకుతుందని ఎవరో అన్నారు. డిగ్రీ పాసై, సోమందేపల్లె దగ్గర మా ఊళ్లో శెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్న నాకు ఆ మాట చాలింది. రెండేళ్లుగా వానల్లేవు, పంట లేదు. నాకు ఉద్యోగం రాకపోతే ఆ ఏడు మా అమ్మా నాయనా ఇంటికి తాళం వేసి బెంగళూరుకు మట్టిపనికి పోవాల్సిందే. నా ఫ్రెంచి మీద అంత బరువు ఉండేది, పాపం దానికి ఆ సంగతి తెలియదు.

మాకు పాఠం చెప్పినాయన పాండిచ్చేరిలో గుమాస్తాగా చేసి రిటైరై, హిందూపురంలో స్థిరపడిన పెద్దమనిషి. ఎవరు ఎదురైనా 'బోంజూర్' అనేవాడు కనుక ఊరంతా ఆయన్ను బోంజూరు సారు అనేది. ఒక టైలరు అంగడి పైగదిలో మేం ఏడుగురం చేరేవాళ్లం. అన్నిటికన్నా ఆయన మనసుపడి చెప్పింది 'అంపర్‌ఫె' అనే భూతకాలం. "ఒగసారి జరిగి అయిపోయింది కాదు పాపా ఇది. రోజూ జరుగుతాండింది. పోతాంటి, వస్తాంటి, ఎదురు చూస్తాంటి. ఎప్పుడు మొదలాయ, ఎప్పుడు నిలిచెనని అడగొద్దు" అనేవాడు. "జాలె, త్యు ఆలె, ఇలాలె, నూజాలియోఁ" అని ఆ 'పోతాంటి'ని మేం ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్లం. (కింద టైలరు ఒకరోజు మిషను ఆపి పైకొచ్చి, "ఏమప్పా సారూ, ఎవరికన్నా బాగలేదా?" అని అడిగాడు.)

ఆ ఉద్యోగానికి పాసవ్వాల్సిన పరీక్షలో నోటితో చెప్పాల్సిన ప్రశ్న ఒకటి ఉంటుంది. మీ చిన్నతనం గురించి చెప్పండి అంటారు. సారు దానికొక జవాబు రాయించాడు. అందులో మా అవ్వ ఇల్లు సముద్రం ఒడ్డున ఉండేది. మేం ప్రతి సెలవులకూ అక్కడికి పోయేవాళ్లం. వాన కురుస్తుండేది, అవ్వ ఆపిల్ పండ్ల రొట్టె కాలుస్తుండేది, ఒక నల్లకుక్క మా వెంట పరుగెత్తేది. ఏడుగురమూ అదే అవ్వను, అదే కుక్కను అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టాం. పరీక్షంటే మాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

ఇంట్లో వల్లెవేస్తుంటే, విత్తనాలకు కాయలు ఏరుతున్న నాయన అర్థమేమిటని అడిగాడు. చెప్పాను.

"మీ అవ్వ యాడ సముద్రం చూసింది? ఆయమ్మ బతికినన్నాళ్లకు మన చెరువు నిండింది రెండు తూర్లు."

"పరీక్ష కోసం నాయనా. మన సంగతంతా చెప్పల్లంటే నాకు మాటలు రావు."

"అట్లయితే అదే చెప్పు. అవ్వను సముద్రంలో ముంచినా సరే. బోర్ల సంగతి మాత్రం ఎత్తొద్దు. ఊర్లో నవ్వేది చాలదా, దేశంగాని దేశమోల్లు గూడా నవ్వల్లా?"

అరచేతిలో టెంకాయ నిలబెట్టి నీళ్లున్న చోటు చూపించే ఒకాయన మాట నమ్మి, అమ్మ వద్దన్నా వినకుండా నాయన నాలుగో బోరు కూడా వేయించాడు. నాలుగింట్లోనూ దుమ్మే లేచింది. అప్పటినుంచి ఊళ్లో ఆయన పేరు 'నాలుగుబోర్లాయప్ప'. ఆ పిలుపు వినబడినప్పుడల్లా ఆయన తల ఇంకొంచెం వంగేది. బోర్ల సంగతి ఎత్తనని మాటిచ్చాను.

బెంగళూరులో పరీక్ష చేసినామె నెరిసిన జుట్టున్న ఫ్రెంచావిడ. మా ఏడుగురిలో నా వంతు ఆఖరు. నేను లోపలికి పోయేసరికి మా బట్టీ అవ్వ ఆరుసార్లు రొట్టె కాల్చి అలిసిపోయి ఉంది. "నేను చిన్నగా ఉన్నప్పుడు" అని ఎత్తుకున్నానో లేదో, ఆవిడ చెయ్యెత్తి మెల్లగా ఫ్రెంచిలో అంది, "సముద్రం వద్దు. కుక్క కూడా వద్దు. మీ ఇంటి సంగతి చెప్పండి."

మా ఇంటి సంగతంటే బోర్లే. చెబితే నాయనకిచ్చిన మాట పోతుంది, చెప్పకపోతే మట్టిపని. ఆవిడ గడియారం వైపు చూసింది. ఎట్లా వచ్చిందో గానీ మాట వచ్చేసింది. బోరుకు ఫ్రెంచిలో ఏమంటారో తెలియదు కాబట్టి, "మా నాయనకు నాలుగు బొక్కలు ఉండేవి" అన్నాను.

"చొక్కాకా?" అందావిడ, జాలిగా.

లేచి నేలకేసి వేలు చూపించాను. తర్వాత ఎవరూ తోయకుండానే మాటలు దొర్లాయి. నాయన రోజూ సాయంత్రం చేనికి పోయేవాడు. బోరులో ఒక గులకరాయి వేసి, వంగి, నీళ్ల చప్పుడు వినబడుతుందేమోనని చెవి పెట్టేవాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేవాడు. అమ్మ ఏమీ అడిగేది కాదు.

"మరి నీళ్లు?"

"వచ్చేవి కావు."

"రోజూ వినేవాడా?"

"రోజూ."

ఆవిడ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. (నేను అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. మాలో అవ్వను నమ్ముకున్న ఒకమ్మాయికి నాకంటే ఎక్కువే వచ్చాయి. కాబట్టి నిజానికి మార్కులు పడతాయని నేను ఎవరికీ చెప్పను.)

ఆ సాయంత్రం సోమందేపల్లెలో బస్సు దిగేసరికి నాయన మోపెడ్ తెచ్చుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏం అడిగిరి?"

"చిన్నప్పటి సంగతి."

"ఏం చెప్తివి?"

"అవ్వ గురించే నాయనా. సముద్రం, కుక్క, అంతా."

"మంచి పని చేస్తివి."

బండి హైవే దిగి మట్టిదారి పట్టింది. రెండు వైపులా దున్ని వదిలేసిన ఎర్ర చేలు. వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఆ దేశమోల్లు నవ్విరా?"

"లేదు నాయనా. నవ్వలే."

"ఊఁ" అన్నాడు, అంతే.

నాకు ఉద్యోగం వచ్చింది, ఆ ఏడు మా ఇంటికి తాళం పడలేదు. ఇన్నేళ్లలో ఆ మాట ఆయన మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ రోజు నేనిచ్చిన జవాబుల్లో ఏది అబద్ధమో, ఏది నిజమో, నవ్విరా అని అడిగినప్పటికే బండి నడిపే మనిషికి తెలుసు. తెలియదనుకుని ఆయన వీపు వెనక ముఖం దాచుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్న ఆ తెలివిగల పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటాను.